తడి ఆరిన పలక

మాఘమాసపు ముహూర్తాలు అయిపోయి నెల దాటింది. పుల్లలచెరువులో నేను వెళ్లి కూర్చునే స్టూడియో వెనక గదిలో మాత్రం పెళ్లిళ్లు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. పన్నెండు ముప్పైయారు షీటు మీద తలంబ్రాలు పడుతుంటాయి, అప్పగింతల దగ్గర ఆడపిల్ల తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటూ ఉంటుంది. ఆల్బం డిజైన్ చేసే కుర్రాడు నన్ను మామా అంటాడు. అతని పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని సాయంత్రాలు కూర్చోవడం నాకు అలవాటైంది. హరికథకి వెళ్లినంత ఇష్టంగా వెళ్తాను.

ఒక్క షీటు తయారు కావాలంటే ఆ తెర మీద ఎంత సంత! మధ్యలో పి.ఎస్.డి. టెంప్లేట్. పైన వరసగా పద్నాలుగు పదిహేను ఫొటోల ట్యాబులు. కుడిపక్క లేయర్ల పట్టిక, అందులో ‘లేయర్ 14 కాపీ 3’ లాంటి పేర్లు. దాని నెత్తిన రంగులు, బ్రష్‌లు. పెళ్లికూతురు పేరు అనూ ఫాంట్‌లో కొట్టడానికి తెరిచిన అక్షరాల పెట్టె ఒకటి. వీటన్నిటి నడుమ నలుగు పెట్టించుకుంటున్న పిల్ల ముఖం అరచేతంత జాగాలో ఇరుక్కుని ఉంటుంది.

అప్పుడు అతను ట్యాబ్ కీ నొక్కుతాడు. చుట్టూ ఉన్న పెట్టెలన్నీ ఒక్కసారిగా మాయం. ఎఫ్ నొక్కుతాడు. ట్యాబులు పోయి, ఫొటో చుట్టూ బూడిదరంగు పరుచుకుంటుంది. మళ్లీ ఎఫ్. ఇప్పుడు అంతా నలుపు, అందులో ఆ పిల్ల ఒక్కతే. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది.

ఇది ఉత్త శుభ్రత కాదు. పిల్ల చెంపల మీద ఉన్నది పసుపా, లేక పందిట్లో బల్బు పులిమిన పచ్చదనమా అన్నది కంటికి తేలాలి. పసుపైతే ముట్టుకోకూడదు. బల్బుదైతే తీసేయాలి. పక్కన ఏ రంగు ఉంటే దాన్ని బట్టి కంటికి అసలు రంగు మారిపోతుందని ఫ్రాన్స్‌లో గోబెలిన్ నేతశాలలో అద్దకాలు చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. దారం రంగు సరిగ్గానే ఉంది, పక్క దారం దాన్ని చెడగొడుతోంది అన్నది ఆయన కనిపెట్టిన సంగతి. మా కుర్రాడు ఆ పేరు విని ఉండడు. కానీ పసుపు సంగతి తేల్చాల్సి వచ్చినప్పుడల్లా అతని వేలు దానంతటదే ఎఫ్ మీదికి పోతుంది. బూడిదరంగు మధ్యన పెట్టి చూస్తాడు. ‘ఇది పసుపే మామా’ అంటాడు. వదిలేస్తాడు.

తోలుబొమ్మలాటలో వంతు రాని బొమ్మల్ని తెర అంచున ముళ్లతో గుచ్చి నిలబెడతారు. రావణుడు అక్కడే ఉంటాడు, ఆట మీదికి మాత్రం రాడు. మా కుర్రాడు వాడే ఫొటోషాప్‌కి అవసరం లేనివి పక్కన నిలబెట్టే ఈ తెలివి మెల్లగా వచ్చింది. 2008లో సీఎస్4 వచ్చేదాకా తెరిచిన ఫొటో ప్రతిదీ విడి కిటికీగా తేలుతూ ఒకదాని మీద ఒకటి పడేది. గింప్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లయితే 2012లో 2.8 వచ్చేదాకా పనిముట్ల పెట్టెని కూడా తెరంతా వెతుక్కునేవాళ్లు. 2012లోనే సీఎస్6 తన గోడలకి ముదురు రంగు వేసుకుంది. ఎవరి పెట్టెలు వాళ్లు సర్దుకుని, ఆ సర్దుబాటుకి ఒక పేరు పెట్టి దాచుకునే వీలు మాత్రం 2002 నాటి ఏడో వెర్షన్‌లోనే ఉంది. మా కుర్రాడికి పెళ్లి పనికి ఒక సర్దుబాటు, పాస్‌పోర్టు ఫొటోలకి మరొకటి. పెళ్లి సర్దుబాటులో ఎడమ అంచున పైనుంచి కిందిదాకా సన్నగా, నిలువుగా ఒక పెట్టె ఉంటుంది. అది హిస్టరీ, బొమ్మ మీద చేసిన పనులన్నీ వరసగా రాసుకునే పట్టిక.

నా ప్రాణం ఉన్నది ఆ పెట్టెలో.

నోల్ సోదరులు థామస్, జాన్ చేసిన ఈ సాఫ్ట్‌వేర్ 1990లో బజారుకొచ్చినప్పుడు వెనక్కి పోవడానికి ఒక్క అడుగే ఉండేది. ఎనిమిదేళ్లపాటు అంతే. 1998లో అయిదో వెర్షన్‌తో హిస్టరీ వచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేటప్పుడు కనిపించే పేర్ల వరసలో సీతారామన్ నారాయణన్ అనే మన దేశపు పేరు మన స్టూడియోల్లో ఎందరికో కంఠతా వచ్చు. ఆ పేరు చూసినప్పుడల్లా మా కుర్రాడి ముఖంలో ఒక చిన్న వెలుగు.

హిస్టరీ పట్టికని పద్యం చదివినట్టు చదవచ్చు. అందులో కర్త లేడు, కారణం లేదు, ఉన్నవన్నీ పనులే. ఓపెన్. క్రాప్. లెవెల్స్. ఆ తర్వాత హీలింగ్ బ్రష్, హీలింగ్ బ్రష్, హీలింగ్ బ్రష్, హీలింగ్ బ్రష్, డోలు మీద ఒకే దెబ్బ పడుతున్నట్టు. ఆ వరసలో ఉన్నట్టుండి ఒక హ్యూ సాచురేషన్. అక్కడ చేయి ఆగిందని, కన్ను వెనక్కి జరిగి మొత్తం బొమ్మని చూసిందని తెలిసిపోతుంది. తయారైన ఫొటోలో ఈ తడబాటు కనపడదు. కనపడకూడదు కూడా. కానీ పక్కన కూర్చున్నవాడికి అది కనపడటం ఎంత భాగ్యం! వీణ పూర్తయ్యాక చూసేవాళ్లం మనం. ఇక్కడ మాత్రం పనసచెక్క తొలిచేటప్పుడు వడ్రంగి పక్కన కూర్చోనిచ్చినట్టు ఉంటుంది.

ఆ పట్టికలో పైన ఎక్కడో నొక్కితే కింది వరసలన్నీ మసకబారతాయి. చెరిగిపోవు. జరిగిపోయినవే, కానీ ఇంకా జరగనట్టు, బూడిదరంగులో వేచి ఉంటాయి. ఈ క్షణంలో ఫొటో మీద ఒక్క గీత గీస్తే అవి పట్టికలోంచి పోతాయి. గీయకపోతే కింద నొక్కి మళ్లీ తెచ్చుకోవచ్చు. కుర్రాడి చేయి మౌస్ మీద కదలకుండా ఉండే ఆ రెండు మూడు క్షణాల కోసం నేను అన్ని సాయంత్రాలు ఇవ్వగలను.

పాత వెర్షన్లలో కంట్రోల్ జెడ్ నొక్కితే చివరి పని పోయేది, మళ్లీ నొక్కితే వచ్చేది. ముందు, తర్వాత, ముందు, తర్వాత అని కన్ను రెంటినీ తూచేది. 2018 చివర వచ్చిన వెర్షన్‌లో దాన్ని మార్చి నొక్కినకొద్దీ వెనక్కే పోయేట్టు చేశారు. సౌకర్యమే, కాదనను. అయినా కుర్రాడు సెట్టింగుల్లోకి పోయి పాత పద్ధతే తెచ్చుకున్నాడు. సరైన పని చేశాడని నా నమ్మకం. ఆ రెప్పపాటు పోలిక లేకపోతే విమర్శే లేదు.

ఒకరోజు సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడు. మనవరాలి పెళ్లి ఆల్బం. అందులో ఆయన తల్లి ఫొటో ఒకటి పేజీ నిండా పెట్టారు. తొంభైకి దగ్గరి మనిషి. ముక్కుకి బేసరి, నుదుట పచ్చబొట్టు. కుర్రాడు రెండు గంటలు కూర్చుని వెనకాల వేలాడుతున్న వైర్లు తీశాడు, కుర్చీ తీశాడు, చీర రంగు నిలబెట్టాడు, ఆ ఊపులోనే ముఖాన్ని నున్నగా చేశాడు. పెద్దాయన చాలాసేపు చూశాడు.

‘ఈమె మా అమ్మ గాదబ్బాయ్. మా అమ్మ మొగాన ఈ నునుపు యాడిది?’

‘ఉండు పెదనాయనా, తెస్తా.’

వెనక్కి పోతే ముడతలతో పాటు వైర్లు, కుర్చీ కూడా వస్తాయి. రెండు గంటల పని పోతుంది. అసలు వెనక్కి పోవడానికి దారీ లేదు. హిస్టరీ ఇప్పుడు మామూలుగా యాభై అడుగులే గుర్తుపెట్టుకుంటుంది, పాత వెర్షన్లలో అయితే ఇరవయ్యే. బ్రష్ వేసిన ప్రతి విదిలింపూ ఒక అడుగు. కింద కొత్తది చేరుతుంటే పైన పాతది రాలిపోతుంది. ముఖం నున్నగా చేసే గీతలే అంతకుముందున్న సమస్తాన్నీ తోసేశాయి. అయితే కుర్రాడు క్రాప్ చేసి, రంగు సరిచేసిన వెంటనే పట్టిక అడుగున కెమెరా గుర్తు నొక్కి ఒక స్నాప్‌షాట్ దాచాడు. అది రాలదు, పట్టిక నెత్తిన అలాగే ఉంటుంది. క్రాప్‌కి ముందు దాచి ఉంటే పనికొచ్చేది కాదు. బొమ్మ కొలత మారితే హిస్టరీ బ్రష్ తిరగబడుతుంది.

హిస్టరీ బ్రష్! అన్‌డూ కాలంలో వెనక్కి నడిపిస్తే, ఇది చోటులో నడిపిస్తుంది. ఇవాళ్టి బొమ్మ మీద ఎక్కడ రుద్దితే అక్కడ మాత్రమే నిన్నటిది పైకి వస్తుంది. కుర్రాడు స్నాప్‌షాట్ పక్కనున్న గడిలో నొక్కి, మొదట నుదుటి మీద రుద్దాడు. పచ్చబొట్టు చుక్క తేలింది. కంటి కొసన రుద్దాడు. మిరప కల్లాల్లో ఎండకి చికిలించిన ఏళ్లన్నీ గీతలు గీతలుగా బయటికొచ్చాయి. పెదవుల చుట్టూ, గడ్డం కింద. ఫ్లాష్ వెలుగు ఎక్కువపడి కళ్ల కింద సంచులు బరువుగా కనిపించిన చోట బ్రష్ బలం సగానికి తగ్గించాడు. అక్కడ పూర్తిగా తేలేదు. పాతకాలపు ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యం అన్నది దీన్నే. ఎంత తీయాలో తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎంత తిరిగి ఇవ్వాలో తెలియడం అరుదు. గాజు నెగటివ్ మీద సీసపు పెన్సిల్‌తో టచింగ్ చేసిన పాతకాలపు పనివాళ్లకి ఈ రెండో విద్యకి అవకాశమే లేదు. కత్తితో గీకిన చోటు గీకినట్టే.

చూస్తుంటే నాకు పలక గుర్తొచ్చింది. మార్కాపురం పలక, చెక్క చట్రం, బలపం. పశ్చిమ ప్రకాశంలో పుట్టినవాడికి మొదటి తెర అదే. అ ఆలు దిద్ది, తడి గుడ్డతో తుడిచేస్తే నల్లగా నిగనిగలాడేది. తుడిచేశామనుకుని ఎండలో పెట్టేవాళ్లం. తడి ఆరేకొద్దీ, సరిగా తుడవని చోట పాత అక్షరం బూడిదగా మళ్లీ తేలేది. మా మాస్టారు దాన్ని చూసి ‘మళ్లీ తుడువు’ అనేవారు. నాకు తుడవబుద్ధయ్యేది కాదు. కొత్త అక్షరం రాస్తే దాని కింద పాతది దీపం వెనక నీడలా నిలబడేది. ఆ ముసలమ్మ ముఖం సరిగ్గా అలాగే ఆరుతూ వచ్చింది.

పని ముగిశాక కుర్రాడు ట్యాబ్ నొక్కాడు, రెండుసార్లు ఎఫ్ నొక్కాడు. నల్లటి తెర మీద ఆమె ఒక్కతే. పెట్టెలు తెరవడం, మూయడం, జరపడం ఇవేవీ హిస్టరీలోకి ఎక్కవు. బొమ్మని తాకిన పనినే అది పని అంటుంది. తెరని ఎంత సర్దినా దాని లెక్కలో సున్నా. ఆ సున్నా లేకుండా పెద్దాయన తన తల్లిని చూడగలిగేవాడు కాదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. లేచి వెళ్లేటప్పుడు కుర్రాడి భుజం మీద చేయి వేశాడు.

బయట కరెంటు ఒక్కసారి మినుకుమంది. యూపీఎస్ కీచుమంటుండగానే సేవ్ చేసి ఫైల్ మూసేశాడు. ఎడమ అంచున ఉన్న నిలువు పెట్టె ఖాళీ. స్నాప్‌షాట్, యాభై వరసలు, ఆ చేతి తడబాట్లు, ఏవీ ఫైల్‌తో పాటు మిగలవు. దీనికి నేను ఇప్పటికీ అలవాటు పడలేదు.

‘పోయిందే’ అన్నాను.

‘పనయింది గదా మామా’ అని తర్వాతి ఫొటో తెరిచాడు. మేళగాళ్లు. పట్టికలో ఒకే ఒక్క వరస: ఓపెన్.