హిగ్స్ కణం: మన పాఠాలు వదలివేసిన లెక్క

కల్లూరు వంటి ఊళ్ళోని ఉన్నత పాఠశాలలో బల్లపొడవు కొలవమంటే విద్యార్థి "120 సెంటీమీటర్లు" అని వ్రాసి ఊరుకుంటాడు. హెచ్చుతగ్గు ఎంత ఉండవచ్చునో వ్రాయడు, మనమూ అడగము. హిగ్స్ కణాన్ని గురించి తెలుగులో వచ్చే వ్యాసాలలో తరచు కనిపించే లోపమూ ఇదే.

ఆ వ్యాసాలు ఆసక్తిని రేకెత్తిస్తాయి, కాదనము. కాని "1964లో హిగ్స్ ప్రభృతులు ఊహించారు, 2012 జూలై 4న సెర్న్‌లో కనుగొన్నట్లు ప్రకటించారు" అని రెండు ముక్కలలో కథ ముగిస్తాయి. పైన "దైవకణం" అనే పేరొకటి. మరి ఈ నడుమ సిద్ధాంతవేత్తలు ఊరక కూర్చున్నారా?

లేదు. ప్రోటానులు ఢీకొన్నప్పుడు హిగ్స్ కణాలు ఎన్ని పుట్టవలెనో ముందే లెక్క కట్టనిదే, దొరికినది సిద్ధాంతం చెప్పిన కణమో కాదో తేల్చడం ఎట్లా? ఆ లెక్క ఒక్కసారిగా తేలదు, మెట్టుమెట్టుగా సవరించుకోవలె. కణం పుట్టే అవకాశాన్ని పికోబార్నులలో కొలుస్తారు. 13 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వద్ద, ప్రధానమైన గ్లూఆన్ల కలయిక మార్గానికి, 2016లో అనస్తాసియు బృందం ఇచ్చిన విలువ 48.6 పికోబార్నులు. అందులో మొదటి మెట్టు ఇచ్చినది 16 మాత్రమే! రెండవది దాదాపు 21, మూడవది 9.6, నాలుగవది 1.5 చేర్చినవి, తక్కినవి చిన్న సవరణలు. మొదటి మెట్టు వద్దనే ఆగి ఉంటే, ప్రయోగంలో మూడింతలు కనిపించగానే సిద్ధాంతం తప్పిందని చాటేవారము.

మూడవ మెట్టు లెక్కను 2002లో హార్లాండర్, కిల్గోర్ వెలువరించారు. మరుసటి ఏడు స్మిత్, వాన్ నీర్వెన్‌లతో కలిసి దానిని సాధించినవారిలో మన దేశపు రవీంద్రన్ ఒకరు. తరువాత ఆయన పనిచేసిన మద్రాసు గణితవిజ్ఞాన సంస్థను 1962లో నెలకొల్పినది అల్లాడి రామకృష్ణన్. ఈ సంగతి మన పాఠాలలో ఎక్కడ?

2022లో అట్లాస్, సి.ఎం.ఎస్. బృందాలు తమ ఫలితాలను లెక్కతో పోల్చాయి. సిద్ధాంతం చెప్పినది 1 అనుకుంటే, అట్లాస్‌కు వచ్చినది 1.05, హెచ్చుతగ్గు 0.06, సి.ఎం.ఎస్.కు 1.002, హెచ్చుతగ్గు 0.057. ఈ హెచ్చుతగ్గులో అన్నిటికన్న పెద్ద పాలు సిద్ధాంతపు లెక్కదే. ప్రకృతిలో కొత్త సంగతి ఏదైనా నూటికి మూడు వంతుల తేడాగా దాగి ఉన్నా, ఈ లెక్క పదునెక్కనిదే మన కంటబడదు.

పైన చెప్పిన 48.6కు సైతం సిద్ధాంతపు హెచ్చుతగ్గు ఉన్నది: పైకి 2.2, క్రిందికి 3.3. దానిని చెప్పకుంటే ఈ వ్యాసమూ ఆ దోషానికి లోనయ్యేది. ఉపాధ్యాయులు రేపటి ప్రయోగం తరగతిలో బల్లపొడవు ప్రక్కన హెచ్చుతగ్గును వ్రాయించవలె. హిగ్స్ పాఠం అక్కడనే మొదలవుతుంది.