గోడ మీది పచ్చ బాణాలు

రాత్రి షిఫ్టు. ఎదురుగా గోడ మీది పెద్ద తెరలో కంపెనీ నెట్‌వర్క్ మ్యాప్. హైదరాబాద్ నుంచి విజయవాడకు, అక్కణ్ణుంచి విశాఖకు బాణాలు, అన్నీ పచ్చగా ఉన్నాయి. ఫోన్ మోగింది. "సార్, విశాఖ ఆఫీసులో ఏదీ ఓపెన్ అవట్లేదండీ." తెర వైపు చూసి "మా దగ్గర అంతా బాగానే ఉందే" అన్నాను. ఇంకో ఫోన్, ఆ వెంటనే మరొకటి. అప్పుడు గానీ మ్యాప్ మూలనున్న చిన్న అక్షరాలు నా కంటబడలేదు: చివరిసారి గీసింది 1:10కి. గడియారం 2:55 చూపిస్తోంది. మ్యాప్ గీసే ప్రోగ్రాం ఎప్పుడో ఆగిపోయింది. బ్రౌజర్ మాత్రం ఐదు నిమిషాలకోసారి ఆ పాత బొమ్మనే బుద్ధిగా తెచ్చిపెడుతోంది.

నెట్‌వర్క్‌ను ఇలా బ్రౌజర్‌లో చూసే పద్ధతికి ముప్పై ఏళ్లు దాటాయి. 1994లో టోబియాస్ ఓటికర్ పనిచేస్తున్న చోట బయటి ప్రపంచానికి ఉన్నదల్లా ఒక్క 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండిందో అందరికీ కావాలి. లెక్క తీసి గ్రాఫ్ గీసి వెబ్ పేజీలో పెట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. ఎంఆర్‌టీజీ అలా పుట్టింది. చూసేవాళ్లు ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు, అడ్రసు తెలిస్తే చాలు.

లోపల జరిగేది కరెంటు మీటరు రీడింగే. రూటర్‌లోని ప్రతి పోర్టుకూ ఎన్ని బైట్లు వెళ్లాయో లెక్కపెట్టే కౌంటర్ ఉంటుంది. ఎస్‌ఎన్‌ఎంపీ అనే ప్రోటోకాల్ ద్వారా ఐదు నిమిషాలకోసారి రీడింగ్ తీసి, పాతది తీసేసి, మిగిలినదాన్ని 300 సెకన్లతో భాగిస్తారు. పాత 32 బిట్ల కౌంటర్ దాదాపు 429 కోట్ల బైట్లకు మళ్లీ సున్నాకొస్తుంది. ఒక గిగాబిట్ లింక్ నిండా పారితే 34 సెకన్లలోనే ఆ పని అయిపోతుంది. రెండు రీడింగుల మధ్య మీటరు ఎన్నిసార్లు తిరిగిందో ఎవరికి తెలుసు? అందుకే పెద్ద లింకులకు 64 బిట్ల కౌంటరే వాడాలి.

గ్రాఫులు వందలైతే ఎవరూ చూడరు. వాటన్నిటినీ ఒక బొమ్మలోకి తెచ్చిన ప్రోగ్రాముల్లో హోవర్డ్ జోన్స్ రాసిన పీహెచ్‌పీ వెదర్‌మ్యాప్ ఒకటి. ఒక్కో లింకుకు రెండు కొసల నుంచీ బయల్దేరి మధ్యలో కలిసే రెండు బాణాలు, రానూ పోనూ. లింక్ సామర్థ్యంలో ఎంత శాతం వాడుకలో ఉందో దాన్ని బట్టి రంగు. ఆ సామర్థ్యం మనమే ఫైల్లో రాయాలి. 100 మెగాబిట్ల లింకును గిగాబిట్‌కు మార్చి ఫైల్లో ఆ అంకె మార్చడం మరిచారా, ఖాళీ రోడ్డు ఎర్రగా కనిపిస్తుంది.

ఇక అమరిక. ఇండియా పటం మీద రూటర్లు పేర్చడం అతిథులకు చూపించడానికి బాగుంటుంది, పనికి మాత్రం దండగ. మాదాపూర్, గచ్చిబౌలి, అమీర్‌పేట మూడూ ఒకే చుక్కలో ఇరుక్కుంటాయి, మధ్యప్రదేశ్ అంతా ఖాళీగా ఉంటుంది. ఏది దేనికి తగులుకుని ఉందో ఆ వరసలో గీయడమే నా పద్ధతి: పైన కోర్ రూటర్లు, కింద ఊళ్లు, ఊరి మీద నొక్కితే ఆ ఊరి మ్యాప్, అక్కడ స్విచ్ మీద నొక్కితే దాని గ్రాఫ్. మొదటి పేజీలో పాతిక బొమ్మలు దాటితే ఒకటి కిందికి దించేస్తాను. దించినా దాని కబురు పైకి రావాలి. మ్యాపులు చూపే మరో ప్రోగ్రాం నాగ్‌విస్‌లో ఊరి మ్యాప్‌లోని అతి చెడ్డ స్థితి ఏదో పైన ఆ ఊరి గుర్తుకూ అదే పడుతుంది. ఏది పనిచేస్తోందో ఏది పడిపోయిందో కనిపెట్టే నాగియోస్‌లో దేని వెనక ఏది ఉందో ముందే చెబితే, రూటర్ పడిపోయినప్పుడు వెనకున్న నలభై స్విచ్‌లూ "డౌన్" అని అరవవు, "అందట్లేదు" అని ఊరుకుంటాయి. రాత్రి పూట ఆ తేడా విలువ టికెట్లు మూసేవాడికే తెలుస్తుంది.

బయటివాళ్లకు చూపే మ్యాప్ మీద ఐపీ అడ్రసులు ఉంచకండి. చాలామంది ఉంచుతారు.

ఆ రాత్రి ప్రోగ్రాం మళ్లీ నడిపించాను. మ్యాప్ కొత్తగా వచ్చింది. విశాఖ బాణం ఇంకా పచ్చగానే ఉంది! మౌస్ దాని మీదికి తీసుకెళ్తే గ్రాఫ్ తెరుచుకుంది: ఒంటిగంటా ఇరవైకి గీత కిందికి పడి, నేల మీదే సాగుతోంది. రంగులు పెట్టింది నేనే. సున్నా నుంచి 50 శాతం దాకా పచ్చ అని రాశాను. చచ్చిన లింకులో పారేది సున్నా, సున్నా అంటే పచ్చ. ట్రాఫిక్ మ్యాప్‌లో ఎరుపు అంటే కిక్కిరిసిందని, నాగియోస్‌లో ఎరుపు అంటే పడిపోయిందని. ఈ రెండు భాషలూ ఒకే గోడ మీద మాట్లాడుతున్నాయన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు.

తెల్లారేలోపు రెండు మార్పులు చేశాను. సున్నాకు విడిగా బూడిదరంగు. గీసిన సమయం మ్యాప్ నెత్తిన, గది అవతలి నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. పొద్దున షిఫ్టుకొచ్చిన కుర్రాడు తెర చూసి, "ఇంత పెద్ద గడియారం ఎందుకన్నా, బాలేదు" అన్నాడు. విశాఖ దారిలో జేసీబీ తవ్విన గోతిలో అప్పటికింకా ఫైబర్ అతుకుతూనే ఉన్నారు.