కిర్గిజ్ లిపి మార్పులు: ఒక విమర్శ

అరబ్బీ లిపి తుర్కిక్ భాషల అచ్చులకు చాలదనీ, అందుకే లాటిన్ లిపి వచ్చిందనీ చాలా గ్రంథాలు చెబుతాయి. కిర్గిజ్ విషయంలో ఈ వాదన సగమే నిజం.

ముందుగా ఇబ్బందిని గమనించండి. కిర్గిజ్‌లో ఎనిమిది హ్రస్వాచ్చులున్నాయి. పదంలోని అచ్చును బట్టి ప్రత్యయంలోని అచ్చు మారుతుంది. తెలుగులో 'పిల్లికి', 'కుక్కకు' అన్నప్పుడు జరిగేదీ ఇలాంటిదే, కాకపోతే అక్కడ ఈ నియమం చాలా విస్తృతం. 'ఉన్' అంటే పిండి. అందులోని ఉకారాన్ని నాలుక ముందుకు తెచ్చి పలికితే గొంతు అని అర్థం. (ఆ రెండో అచ్చుకు మన లిపిలోనూ అక్షరం లేదు.) ఈ రెంటికీ, ఒకారంలోని ఇలాంటి జంటకూ కలిపి పాత అరబ్బీ రాతలో 'వావ్' అనే ఒక్క అక్షరమే దిక్కు.

అయితే ఈ లోపం సరిదిద్దరానిది కాదు. 1924లో తొలి కిర్గిజ్ పత్రిక 'ఎర్కిన్-తో' అరబ్బీ లిపిలోనే వెలువడింది. ఆ లిపి సంస్కరణ కూడా ఆ కాలంలోనే సాగింది. చైనాలోని షిన్‌జియాంగ్ కిర్గిజ్‌లు నేటికీ అరబ్బీ లిపే వాడుతున్నారు, అందులో ఈ అచ్చులకు వేర్వేరు అక్షరాలున్నాయి. కాబట్టి 1926 బాకూ మహాసభ లాటిన్ వైపు మొగ్గడానికి ధ్వనిశాస్త్రం ఒక్కటే కారణమనడం కుదరదు. ప్రజలను ఇస్లామిక విద్యాసంప్రదాయం నుంచి వేరుచేయాలన్న సోవియట్ విధానాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

లాటిన్ వర్ణమాలకు పాటుపడిన కవి, భాషావేత్త కాసిం తినిస్తానోవ్‌ను 1938లో కాల్చి చంపారు. 1940-41లో ఆ లిపి పోయి సిరిలిక్ వచ్చింది. అందులో 33 రష్యన్ అక్షరాలు, కిర్గిజ్ ధ్వనుల కోసం చేర్చినవి 3. ఆ మూడూ చక్కగా పనిచేస్తాయి. చిక్కంతా మిగతావాటితోనే. ఒకే అక్షరాన్ని కిర్గిజ్ మాట 'జోల్' (దారి)లో జకారంగా, రష్యన్ నుంచి వచ్చిన 'జుర్నాల్' (పత్రిక)లో ఊదినట్టుండే వేరే ధ్వనిగా చదవాలి. అంటే మాతృభాష చదవడానికి కూడా రష్యన్ ఉచ్చారణ తెలియాలి!

'మనస్' ఇతిహాసం సంగతి ఇంకా బాధాకరం. సగింబాయ్ ఒరోజ్‌బాకోవ్ గానం చేసిన పాఠాన్ని 1920లలో అరబ్బీ లిపిలో రాసుకున్నారు. 1941లో బడిలో చేరిన పిల్లలకు సొంత ఇతిహాసపు ఆ రాతప్రతి చదవరాని కాగితమైంది. 2023లో లాటిన్ ప్రతిపాదన మళ్ళీ వచ్చినప్పుడు అధ్యక్షుడు సదిర్ జపారోవ్ అది తొందరపాటు అన్నారు. ఈసారి ఆ గతి పట్టేది ఎనభై ఏళ్ళ సిరిలిక్ పుస్తకాలకు.