ఫొటో చూసి కాదు, కన్ను చూసి

రెప్పవెంట్రుకల పని కోసం పార్లర్‌కి వచ్చేవాళ్లలో చాలామంది ముందుగా ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. ‘నాకూ ఇలాగే కావాలి’ అంటారు. ఆ ఫొటోలో ఉన్నవి పట్టీలా అతికించే స్ట్రిప్ లాషెస్సా, ఒక్కో వెంట్రుకకీ అతికించిన ఎక్స్‌టెన్షన్లా, లేక సొంత వెంట్రుకల్నే పైకి తిప్పిన లాష్ లిఫ్టా అన్నది వాళ్లకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ తేడా తెలిసి, ఎవరికి ఏది సరిపడుతుందో చెప్పాల్సిన బాధ్యత మాది. విజయవాడలో పార్లర్ నడుపుతున్న నాకు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిన అభిప్రాయం ఒకటే. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకి జవాబు సగం ఎదురుగా కూర్చున్న మనిషి కంట్లో ఉంటుంది, మిగతా సగం ఆమె ఇంట్లో ఉంటుంది.

ముందు కన్ను సంగతి చూద్దాం. పై రెప్పకి సుమారు 90 నుంచి 150 వెంట్రుకలుంటాయి. పొడుగు ఎనిమిది నుంచి పన్నెండు మిల్లీమీటర్లు. తలవెంట్రుకల్లాగే ఇవీ పెరుగుతాయి, కొన్నాళ్లు ఆగుతాయి, రాలిపోతాయి, వాటి చోట కొత్తవి వస్తాయి. రోజుకి నాలుగైదు రాలితే కంగారు పడక్కర్లేదు. ఇవి అందానికే పుట్టినవి కావు. దుమ్మునీ గాలినీ ఆపి కంటి తడిని కాపాడతాయి. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల జంతువుల కళ్లు కొలిచి 2015లో ఒక విషయం చెప్పారు. రెప్పవెంట్రుక పొడుగు కంటి వెడల్పులో మూడో వంతు ఉంటే కన్ను అన్నిటికంటే తక్కువ ఆరుతుంది. అంతకు మించి పొడుగైతే గాలిని ఆపడం మానేసి కంటి మీదకే మళ్లిస్తుంది. మన కంటికి లెక్కేస్తే ఆ మూడో వంతు పది మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. పద్నాలుగు, పదిహేను మిల్లీమీటర్లవి పెట్టమని అడిగేవాళ్లకి నేను ముందు ఈ మాటే చెబుతాను.

ఎక్స్‌టెన్షన్ల పని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది అడిగేది అదే, ఎక్కువ మంది ఇబ్బంది పడేదీ దాంతోనే. పడుకోబెట్టి, కింది రెప్ప వెంట్రుకలు పైవాటికి అంటుకోకుండా జెల్ ప్యాచ్ వేస్తాం. కళ్లు పూర్తిగా మూసి ఉండాలి. ఎడమచేతి ట్వీజర్‌తో పక్క వెంట్రుకల్ని అటూ ఇటూ తోసి, మధ్యలో ఒకే ఒక్క వెంట్రుకని విడదీసి పట్టుకుంటాం. కుడిచేతి ట్వీజర్‌తో ఎక్స్‌టెన్షన్ మొదలుని గ్లూలో ముంచి, ఆ ఒక్కదాని మీద పడుకోబెడతాం. చర్మానికి తగలకూడదు, అర మిల్లీమీటరో మిల్లీమీటరో ఎడం ఉండాలి. ఇలా రెండు కళ్లకీ గంటన్నర, రెండు గంటలు పడుతుంది. పనంతా ఆ విడదీయడంలోనే ఉంది. తొందరపడి రెండు మూడు వెంట్రుకల్ని కలిపి అతికిస్తే, అవి ఒక్కోటీ ఒక్కో వయసులో ఉంటాయి కాబట్టి, పెరిగేది పెరుగుతూ రాలాల్సినదాన్ని లాగుతుంది, రాలాల్సింది పెరిగేదాన్ని పట్టుకుంటుంది. ఆమెకి రాత్రి పడుకున్నప్పుడు రెప్ప గుంజినట్టు నొప్పి. నెలలు గడిస్తే వేర్లు దెబ్బతిని అక్కడక్కడ ఖాళీలు.

బరువు కూడా చూసుకోవాలి. ఒక్కో వెంట్రుకకి ఒక్కటే పెట్టే క్లాసిక్ పద్ధతిలో సాధారణంగా వాడేది 0.15 మిల్లీమీటర్ల మందం. ఇంకొంచెం నిండుగా కనబడాలని 0.20 అడుగుతారు. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అదే పొడుగులో బరువు ముప్పావు వంతు పెరుగుతుంది. సన్నటి వెంట్రుకలున్నవాళ్లు ఆ బరువు మోయలేరు. నిండుతనమే కావాలంటే 0.05 లేదా 0.07 మందం ఉన్నవాటిని రెండు మూడు కలిపి ఒక్కో వెంట్రుక మీద విసనకర్రలా విప్పి పెట్టే వాల్యూమ్ పద్ధతి మేలు. అయితే అది చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి.

ఇక గ్లూ. విరిగిన బొమ్మలు అతికించే ఫెవిక్విక్‌ది ఏ జాతో ఇదీ అదే జాతి, సయనోయాక్రిలేట్. గాలిలో తేమ తగిలితే గట్టిపడుతుంది. అందుకే మా కృష్ణా తీరపు ఉక్కలో, వానాకాలంలో అది మరీ తొందరగా బిగుసుకుని పెళుసుబారుతుంది. ఏసీ వేసి ఆరబెట్టిన గదిలో నెమ్మదిగా ఆరుతూ ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికే కళ్లు మండి నీళ్లు కారేది. గదిలో తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టుకోని చోట ఈ పని బాగా జరగదు. గ్లూ సీసా తెరిచాక దానికీ గడువుంటుంది, ఆ తేదీ సీసా మీద రాసుకోవాలి. కొందరికి ఈ గ్లూ అసలు పడదు. ఇన్నాళ్లూ పడినవాళ్లకి కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు, రెప్పలు ఉబ్బి కళ్లు తెరుచుకోవు. కనీసం ఒక రోజు ముందు ప్యాచ్ టెస్ట్ చేయాలని నేను పట్టుపట్టేది ఇందుకే.

ఇప్పుడు ఇంటి సంగతి. ఈ పెళ్లిళ్ల సీజన్‌లో ఒకమ్మాయి వచ్చింది.

“అక్కా, పెళ్లికి వారం ముందే ఎక్స్‌టెన్షన్లు పెట్టేయండి. మా ఫ్రెండ్‌కి ఎంత బాగున్నాయో!”

“పెళ్లికూతుర్ని ఎప్పుడు చేస్తున్నారమ్మా?”

“బుధవారం. పెళ్లి శుక్రవారం రాత్రి.”

“తలంటు ఉంటుందిగా?”

“అయ్యో, ఉంటుంది. నలుగు పెట్టి, నువ్వుల నూనె అంటి, కుంకుడుకాయ రసంతో పోస్తారు. పెళ్లి రోజు పొద్దున మళ్లీ మంగళస్నానం. కాటుక కూడా అమ్మమ్మ చేసిందే పెట్టాలట.”

నూనెకీ ఈ గ్లూకీ పడదు. నూనె తగిలేకొద్దీ పట్టు వదిలేస్తుంది. రెండు తలంట్లు, ఆముదంతో చేసిన కాటుక, హోమం పొగ, అప్పగింతల కన్నీళ్లు, ఇన్ని ఉన్న పెళ్లిలో ఆ ఎక్స్‌టెన్షన్లు శుక్రవారం రాత్రికి సగమే మిగులుతాయి. మిగిలిన ఆ సగం తలో దిక్కూ చూస్తూ ఫొటోల్లో ఇంకా వికారంగా కనబడుతుంది. ఆ అమ్మాయికి వారం ముందు లాష్ లిఫ్ట్ చేశాం. పెళ్లి రోజు స్నానం అయ్యాక మేకప్‌తో పాటు కంటి చివర్లకి మాత్రం సగం స్ట్రిప్ పెట్టాం. తెల్లారి అది తీసేస్తే సరి. అదే అమ్మాయి రిజిస్టర్ పెళ్లి చేసుకుని మర్నాడు రిసెప్షన్ పెట్టుకునేదైతే, ఎక్స్‌టెన్షన్లకి నేనే సరేననేదాన్ని.

లాష్ లిఫ్ట్ మన ఆడవాళ్లకి చాలామందికి సరిపోతుందని నా నమ్మకం. మనలో ఎక్కువ మందికి రెప్పవెంట్రుకలు నల్లగా, ఒత్తుగానే ఉంటాయి. కాకపోతే తిన్నగా కిందికి చూస్తుంటాయి. అలాంటివాళ్లకి కొత్తవి అతికించనక్కర్లేదు, ఉన్నవాటిని పైకి లేపితే కన్ను విప్పారుతుంది. మెత్తటి సిలికాన్ అచ్చుని రెప్ప మీద పెట్టి, వెంట్రుకల్ని ఒక్కోటిగా దాని మీదకి దువ్వి అతికిస్తాం. మొదటి మందు, అంటే థయోగ్లైకాలిక్ ఆమ్లం తాలూకు క్రీము, వెంట్రుకలోని గంధకపు బంధాల్ని విడగొడుతుంది. రెండో మందు ఆ కొత్త ఒంపులో వాటిని మళ్లీ కలుపుతుంది. తలకి పర్మింగ్ చేసే సూత్రమే ఇది. ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలుస్తుంది. మొదటి రోజు తడి తగలకుండా చూసుకుంటే చాలు, ఆ తర్వాత తలంటు పోసుకోవచ్చు, కాటుక పెట్టుకోవచ్చు, ఈతకీ వెళ్లొచ్చు.

అలాగని ఇది మంత్రమేమీ కాదు. అచ్చు సైజు తప్పితే వెంట్రుక మడతపడి రెప్పకే తగులుతుంది. మందు రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే కొసలు కాలిన దారంలా చింపిరవుతాయి. ఐరోపా యూనియన్‌లో ఈ థయోగ్లైకాలిక్ మందుని రెప్పలకి 11 శాతం దాటి వాడకూడదు, అదీ వృత్తి నేర్చినవాళ్లే వాడాలి. ఆన్‌లైన్‌లో కిట్ కొనుక్కుని అద్దం ముందు సొంతంగా చేసుకునే పిల్లలకి నేను ఇదే చెబుతుంటాను. మూసిన కంటి మీద జరిగే పని తెరిచిన కంటితో మనకి మనం చేసుకోలేం.

లిఫ్ట్‌తో పాటు టింట్, అంటే రంగు కూడా వేయమని అడుగుతారు. దీనికి నా సమాధానం ఖచ్చితంగా ఉంటుంది. తలకి వేసే హెయిర్ డైని రెప్పలకి వేయను, ఎవరినీ వేయనివ్వను. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు అమ్మారు. అందులోని పారాఫినిలీన్‌డయమీన్ వల్ల కొందరు ఆడవాళ్లకి చూపు పోయింది, ఒకామె ప్రాణమే పోయింది. సౌందర్య సాధనాల మీద ప్రభుత్వానికి అధికారమిచ్చిన 1938 నాటి అమెరికా చట్టం రావడానికి కారణాల్లో అదొకటి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు రెప్పవెంట్రుకలకి శాశ్వత రంగు వేయడానికి అక్కడి ఎఫ్‌డీఏ ఏ రంగునీ ఆమోదించలేదు. అంత దూరం పోనక్కర్లేదు. మన దేశంలో పారాఫినిలీన్‌డయమీన్ ఉన్న హెయిర్ డై ప్యాకెట్ మీద, రెప్పవెంట్రుకలకి గానీ కనుబొమలకి గానీ వాడితే చూపు పోవచ్చన్న హెచ్చరిక ముద్రించాలని మన సౌందర్య సాధనాల నిబంధనలే చెబుతున్నాయి. ఇంట్లో ఉన్న ప్యాకెట్ తీసి ఒకసారి చదవండి. నల్లటి రెప్పలున్నవాళ్లకి ఆ రంగు అవసరమే లేదు. నెరిసినవాళ్లకి మస్కారా ఉంది.

సీరమ్‌ల గురించీ అడుగుతున్నారు. నిజంగా వెంట్రుకని పెంచుతుందని రుజువైనది బైమాటోప్రోస్ట్. అది గ్లకోమాకి వాడే చుక్కల మందు. ఆ చుక్కలు వేసుకునేవాళ్ల రెప్పలు పొడుగవడం గమనించాక, 2008లో అమెరికా దాన్ని రెప్పల కోసం కూడా అనుమతించింది. పూర్తి ఫలితానికి నాలుగు నెలలు పడుతుంది, మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. రెప్ప చర్మం నల్లబడొచ్చు, కంటి చుట్టూ గుంటపడొచ్చు. ఇది కంటి డాక్టర్ రాయాల్సిన మందు. పార్లర్ అలమరాలో ఉండాల్సింది కాదు.

పాతబడిందని చిన్నచూపు చూసే స్ట్రిప్ లాషెస్‌కి నా దగ్గర గౌరవం ఎక్కువ. కూచిపూడి పిల్లలకి వేదిక మీద రెండు గంటలు కళ్లు దూరానికి కనబడాలి, ఆ రాత్రే తీసేయాలి. వాళ్లకి ఇంతకంటే మంచిది లేదు. కంటి వెడల్పుకి కొలిచి, బయటి చివర కత్తిరించి, గ్లూ కాస్త జిగురెక్కేదాకా ఆగి పెడితే చక్కగా కూర్చుంటుంది. రబ్బరు పడనివాళ్లకి లేటెక్స్ లేని గ్లూ అడిగి తెప్పించుకోవాలి.

అసలు ఏదీ చేయకూడని కళ్లూ ఉంటాయి. రెప్ప అంచున చుండ్రులాంటి పొట్టు, ఎర్రదనం, కంటికురుపు కనబడితే ముందు డాక్టర్ దగ్గరికి పంపాలి. క్యాన్సర్‌కి కీమో జరుగుతున్నవాళ్లకి గ్లూ, లిఫ్ట్ మందు రెండూ వద్దు. వాళ్లు కోరుకుంటే కాటుక గీతతో రెప్ప అంచు నిండుగా కనబడేలా దిద్దడం నేర్పిస్తాను. రెప్పవెంట్రుకలు పీక్కునే అలవాటున్న పిల్లలు వస్తారు. ఖాళీ కప్పేయమని తల్లి అడుగుతుంది. ఆ తల్లితో పక్కకి వెళ్లి మాట్లాడాలి. అది పార్లర్‌లో తీరే సమస్య కాదు.

కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు నావి సాదాసీదావే. నూనె ఎన్నాళ్లకోసారి పెడతారు? కాటుక రోజూనా? కళ్లజోడా, కాంటాక్ట్ లెన్సా? బోర్లా పడుకుంటారా? గ్యాస్ పొయ్యి దగ్గర ఎంతసేపు? రాలిన ఎక్స్‌టెన్షన్ల చోట కొత్తవి పెట్టించుకునే రీఫిల్‌కి రెండు మూడు వారాలకోసారి రాగలరా, దానికి డబ్బు పెట్టగలరా? హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఆఖరి ప్రశ్నకి తల దించుకుంటే, ఎక్స్‌టెన్షన్లు మొదలుపెట్టకపోవడమే ఆమెకి మేలు. రీఫిల్‌కి రాలేనివాళ్లే చివరికి వాటిని వేళ్లతో పీక్కుంటారు, సొంతవి కూడా ఊడివస్తాయి. తీయాలన్నా రిమూవర్ క్రీముతో మేమే తీయాలి.

ఈ పని నేర్చుకుంటున్న అమ్మాయిలకి చెప్పేది ఇదే. మీకు వచ్చిన పద్ధతిని వచ్చిన ప్రతివాళ్లకీ చేయకండి. అన్నీ నేర్చుకోండి, అందులో ‘మీకిది వద్దమ్మా’ అని నచ్చజెప్పడం కూడా నేర్చుకోండి. ఆ రోజు బేరం పోయినా ఆ మనిషి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఇక చేయించుకునేవాళ్లకి: డబ్బు కట్టే ముందు నాలుగు అడగండి. ఏ గ్లూ, ఏ మందు వాడుతున్నారు? సీసా ఎప్పుడు తెరిచారు? ట్వీజర్లు ఎలా శుభ్రం చేస్తారు? ప్యాచ్ టెస్ట్ ఎప్పుడు చేస్తారు? ఈ నాలుగింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పే చోటే కళ్లు మూసుకుని పడుకోండి. చెప్పకపోతే లేచి వచ్చేయండి.