ములాఖత్‌కు పోయే బస్సు

తెలుగులో జైలు సాహిత్యానికి కొదవ లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాసింది రాయవేలూరు జైల్లో. వరవరరావు 'సహచరులు' సికింద్రాబాదు జైలు నుంచి వచ్చింది. జి.ఎన్. సాయిబాబా కవితలూ ఉత్తరాలూ నాగపూరు జైలు నుంచి, బి. అనూరాధ 'జైలు కతలు' ఎక్కడో జార్ఖండ్‌లోని హజారీబాగ్ జైలు నుంచి. అన్నీ లోపలి నుంచి రాసినవే. గేటు బయట ఆధార్ కార్డు పట్టుకుని లైన్లో నిలబడే మనిషి వీటిల్లో కనిపిస్తుంది గానీ మాట్లాడదు. ఉత్తరం అందుకుంటుంది, ఏడుస్తుంది, ధైర్యం చెబుతుంది. ఆమె ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరింది, రాత్రి ఎక్కడ పడుకుంది, టికెట్టు డబ్బులు ఎవరిచ్చారు? ఇవి మన పుస్తకాల్లో దాదాపు ఉండవు.

ఈ లోటు నాకు తెలిసొచ్చింది ఒక స్పానిష్ నవల వల్ల. ఫెర్నాండో అరంబురు 2016లో రాసిన 'పాత్రియా'. బాస్క్ ప్రాంతంలోని ఒక చిన్న ఊరు, ఒకప్పుడు ప్రాణస్నేహితులైన రెండు కుటుంబాలు. ఒక ఇంటాయనను ఇ.టి.ఎ. వాళ్లు చంపేశారు. రెండో ఇంటి కొడుకు హోసె మరి ఇ.టి.ఎ.లో చేరి జైలుకు పోయాడు. భర్తను పోగొట్టుకున్న బిత్తోరి ఒకవైపు, కొడుకును జైలుకు పోగొట్టుకున్న మిరెన్ ఇంకోవైపు.

మిరెన్ కొడుకున్న జైలు దేశానికి ఆ కొసన, కాదిస్ దగ్గర సముద్రం ఒడ్డున ఉంది. ఆమె ఇల్లు ఉత్తరాన. మధ్యలో సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఇది అనుకోకుండా జరిగింది కాదు. 1989 నుంచి స్పెయిన్ ప్రభుత్వం బాస్క్ ఖైదీలను దేశమంతా చెల్లాచెదురు చేసింది. గుంపుగా ఉంటే సంస్థ పట్టులో ఉంటారు, విడగొడితే ఒక్కొక్కరూ దారికొస్తారు అన్నది లెక్క. దారికొచ్చిన వాళ్ల సంగతేమో గానీ, దారుల్లో పోయినవాళ్లు మాత్రం ఉన్నారు. చూడ్డానికి పోతూనో తిరిగి వస్తూనో రోడ్డు ప్రమాదాల్లో 16 మంది చనిపోయారని ఖైదీల కుటుంబాల సంఘం ఎచెరాత్ లెక్క చెబుతుంది. చివరి ఖైదీలను సొంత ప్రాంతపు జైళ్లకు తెచ్చింది 2023 మార్చిలో. అప్పటికి ఇ.టి.ఎ. అనే సంస్థే లేదు, 2018లోనే రద్దయిపోయింది.

'పాత్రియా' గొప్పతనం మిరెన్‌ను మంచిదానిగా చూపకపోవడంలో ఉంది. ఆమె మొండిది, నోటిదురుసుది. కొడుకు చేసింది తప్పని ఒప్పుకోదు. చర్చిలో ఇగ్నేషియస్ సెయింటు బొమ్మతో, అచ్చం మన పెద్దవాళ్లు గుళ్లో దేవుడితో తగువేసుకున్నట్టు బేరాలాడుతుంది. ఆమెను ప్రేమించమని రచయిత అడగడు. అయినా ఆ బస్సులో ఆమె పక్క సీట్లో మనల్ని కూర్చోబెడతాడు. కొడుకుకు శిక్ష వేసిన కోర్టు ఈమెకు ఏ శిక్షా వేయలేదు, మరి ఈమె ఎందుకు అనుభవిస్తోంది అనే ప్రశ్న మనకే వస్తుంది. అదే సమయంలో బిత్తోరి సమాధి దగ్గర కూర్చుని చనిపోయిన భర్తతో మాట్లాడుతూ ఉంటుంది. ఆమెకు ములాఖత్ కూడా లేదు. ఈ రెండో దృశ్యం లేకపోతే మొదటిది వట్టి నినాదమైపోయేది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఖైదీలను చెదరగొట్టాలనే ప్రకటిత విధానం మనకు లేదు. కేసు ఎక్కడ పెడితే అక్కడికి పోవాలి, అంతే. ఫలితం మాత్రం చాలాసార్లు ఒకటే. అమలాపురం మనిషి సాయిబాబా ఢిల్లీలో పాఠాలు చెప్పేవారు. పోలియో వల్ల చక్రాల కుర్చీ. 2014 మేలో పట్టుకెళ్లారు, కేసు గడ్చిరోలిలో, జైలు నాగపూరులో. భార్య వసంత ఢిల్లీ నుంచి రావాలి. హైదరాబాదు జైలుకు మార్చమని ఆమె అడిగారు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఖైదీని మార్చడానికి 1950 నుంచీ చట్టం ఉంది. మార్చలేదు.

ఆయన ఉత్తరాల్లో నన్ను ఆపేసింది అండా సెల్ వర్ణన కాదు, భాష. తెలుగులో రాసుకోనివ్వలేదు కాబట్టి మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంగ్లీషులో రాసుకున్నారు. జన్మలో ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకోని వాళ్లు! సెన్సారు చేసే ఆఫీసరుకు అర్థమయ్యే భాషలో ప్రేమించుకోవాలన్నమాట. వాటిని చదువుతుంటే వాక్యాలు కొంచెం బిగుసుకుపోయి, సభలో మాట్లాడుతున్నట్టు ఉంటాయి. మొదట నాకు అది ఆయన శైలి లోపంగా అనిపించింది. కానీ అది దూరం చేసిన పని. ఇంటి నుంచి వెయ్యి కిలోమీటర్లు తీసుకుపోతే పోయేది మనుషులొక్కరే కాదు, ఇంట్లో మాట్లాడుకునే తీరు కూడా. మరి తెలుగు తప్ప ఇంకోటి రాని తల్లి సంగతి? గాజు కిటికీకి అటువైపు నిలబడిన ఆ తల్లి కోసం ఆయన రాసిన కవిత ఉంది. ఆమె మాత్రం ఏమీ రాయలేదు. 2020 ఆగస్టు 1న హైదరాబాదులో క్యాన్సర్‌తో పోయింది. చివరి చూపుకు పెరోల్ దొరకలేదు. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలింది, అదే ఏడాది అక్టోబరు 12న ఆయనా పోయారు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. సాయిబాబా కుటుంబం మీద జాలి పడటం మనకు తేలిక, ఎందుకంటే ఆయన నిర్దోషి అని కోర్టే చెప్పింది. నేరం నిజంగా చేసినవాడి తల్లి అయితే?

మా పామూరులో ములాఖత్ అనే మాట వినపడదు. 'చూసొచ్చినాం' అంటారు. ఎవర్ని అని ఎవరూ అడగరు. మా వీధిలో మేం పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ కొడుకు నెల్లూరు సెంట్రల్ జైల్లో ఉండేవాడు. పొలం గట్టు తగాదాలో మనిషిని కొట్టి చంపాడు. ఆ సంగతి ఆవిడ కూడా కాదనేది కాదు. తెల్లారక ముందే ఉదయగిరి మీదుగా పోయే బస్సెక్కేది. ఆ రోజు కూలి పోయేది. డబ్బాలో పెట్టుకుపోయిన గోంగూర పచ్చడి గేటు దగ్గర తీసుకోకపోతే మళ్లీ ఇంటికి తెచ్చి మాకు పెట్టేది. 'వాడు చేసిన దానికి వాడు అనుభవిస్తాండు, నేనేం చేసినానని నాయనా ఈ తిరుగుడు' అనేది. ఆవిడ మీద కథ ఎవరు రాస్తారు? మన రచయితలు లోపలికి పోతే రాజకీయ ఖైదీగా పోతారు, రాజకీయ ఖైదీగానే రాస్తారు. పెద్దమ్మలాంటి వాళ్లకు ఆ పుస్తకాల్లో చోటు ఉండదు. అనూరాధ కొంత మినహాయింపు. హజారీబాగ్‌లో తన పక్కన ఉన్న మామూలు ఆడఖైదీల బతుకుల్ని ఆమె రాశారు.

'సహచరులు' మళ్లీ తీసి చదివాను. 1980ల చివర్లో రాసినవి. ఇప్పటికీ మంచి తెలుగు వచనంలో ముందు వరసలో పెట్టదగ్గ పుస్తకం. ఎదురుచూపు మీద అంత సాంద్రంగా రాసినవాళ్లు తెలుగులో తక్కువ. అయితే అది లోపలున్నవాడి ఎదురుచూపు. బయట ఎదురుచూసేవాళ్లు అతని ఆలోచనలోకి వచ్చి, వెళ్లిపోతారు. అప్పుడు ఆ జైలు సికింద్రాబాదులో ఉంది. వార్డరు తెలుగువాడు, తోటి ఖైదీలు తెలుగువాళ్లు, గోడ అవతల వినపడే కేక తెలుగు. అందుకే ఆ వచనం అంత నిబ్బరంగా ఉందేమో అని ఇప్పుడనిపిస్తోంది.

ముప్పై ఏళ్ల తర్వాత అదే మనిషిని 2018 నవంబరులో పుణె తీసుకుపోయారు. ఎరవాడ, తర్వాత నవీ ముంబయిలోని తలోజా. 2020 జులై 12న భార్య హేమలత, ముగ్గురు కూతుళ్లు విడుదల చేసిన ప్రకటనను నేను సాహిత్యంగానే చదువుతాను. అందులో వాళ్లు ఫోన్లలో విన్నది విన్నట్టు చెప్పారు. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన మనిషి మాట తడబడి ఉన్నట్టుండి హిందీలోకి పోయింది. ఆరోగ్యం ఎలా ఉందంటే జవాబు చెప్పక, ఏనాడో జరిగిన తండ్రి అంత్యక్రియల గురించీ తల్లి అంత్యక్రియల గురించీ మాట్లాడారు. ఫోను అందుకున్న తోటి ఖైదీ ఇంకో మాట చెప్పారు: తనను విడుదల చేస్తున్నారని, ఇంటివాళ్లంతా గేటు దగ్గర నిలబడి ఉన్నారని ఆయన భ్రమపడుతున్నారు. ఇంటివాళ్లేమో హైదరాబాదులో ఫోను పట్టుకుని ఉన్నారు.

విశేషణాలు లేవు, ఉపమానాలు లేవు. 'సహచరులు'లో లేని అధ్యాయం ఇదే, రాసింది బయటివాళ్లు.

తర్వాత 2021 ఫిబ్రవరిలో ఆరోగ్య కారణాల మీద ఆయనకు బెయిలు వచ్చింది, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని స్థిరం చేసింది. షరతు: ముంబయి దాటకూడదు. దాంతో జైలు గేటు తెరుచుకున్నా దూరం తగ్గలేదు. ఈసారి హేమలత కూడా ఇల్లు వదిలి ముంబయిలో అద్దె ఇంట్లో ఉండాల్సి వచ్చింది. కంటి శుక్లాల ఆపరేషన్ కోసం హైదరాబాదు పోయి రావడానికి హైకోర్టు ఆయనకు ఒక వారం గడువిచ్చింది.