‘ఫైనల్ ఫాంటసీ 7’ పునఃకథనం: మరణం, జ్ఞాపకం, కరుణరసం

1. ఉపోద్ఘాతం:
ఆటగాడు ఒక పాత్రను స్వీకరించి, దానిని క్రమంగా తీర్చిదిద్దుకుంటూ కథలో ముందుకు సాగే వీడియో గేమ్‌లను ‘రోల్ ప్లేయింగ్ గేమ్స్’ అంటారు. జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ 1987లో ప్రారంభించిన ‘ఫైనల్ ఫాంటసీ’ పరంపర వీటిలో ప్రసిద్ధమైనది. 1997లో ప్లేస్టేషన్‌పై వెలువడిన ఏడవ కృతిని, విలీనానంతరం స్క్వేర్ ఎనిక్స్‌గా మారిన ఆ సంస్థే 2020లో ‘రీమేక్’గా, 2024లో ‘రీబర్త్’గా తిరిగి చెప్పింది. కథ తెలిసిన ఆటగాడు మళ్లీ వచ్చినప్పుడు మూలంలోని కరుణరసం ఏమవుతుందన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. మూలకృతిలో మరణం:
ఈ తరహా ఆటలలో మరణం తాత్కాలికం. యుద్ధంలో కూలిన పాత్రను ‘ఫీనిక్స్ డౌన్’ అనే వస్తువుతో తిరిగి లేపవచ్చు. పూలమ్మే యువతి ఎయిరిత్ ప్రతినాయకుడు సెఫిరోత్ కత్తికి బలైన ఘట్టం ఈ నియమాన్ని భగ్నం చేసింది. గంటల తరబడి పెంచిన పాత్ర జట్టు నుంచి శాశ్వతంగా తొలగిపోతుంది. వెంటనే వచ్చే పోరాటంలో యుద్ధసంగీతానికి బదులు, నొబువో ఉయెమత్సు ఆమె కోసం కూర్చిన బాణీయే కొనసాగుతుంది. పాత్రలకు గొంతు లేదు. ముఖాలలో హావభావాలూ అంతంతమాత్రమే. అయినా ఆ దుఃఖం ఆటగాడిని తాకడానికి కారణం, చేతిలో సాధనాలుండీ ఏమీ చేయలేని నిస్సహాయత.

3. పునఃకథనంలో మరణం:
‘రీమేక్’లో కథ మూలం నుంచి పక్కకు జరిగినప్పుడల్లా ‘విస్పర్స్’ అనే ఛాయారూపాలు దానిని పాత దారికి మళ్లిస్తాయి. అవి విధికి కావలివారు. మూలాన్ని యథాతథంగా కోరే అభిమానుల మనసుకు ప్రతిరూపాలుగానూ వాటిని చదవవచ్చు. చివరకు నాయకుని బృందం వాటిని ఓడించడంతో ఎయిరిత్ బతుకుతుందన్న ఆశ పుడుతుంది. ‘రీబర్త్’ ఆ ఆశను తీర్చదు, పూర్తిగా తుంచదు. నాయకుడు క్లౌడ్ కత్తివేటును అడ్డుకున్నట్టు కనిపిస్తుంది. మరుక్షణంలో ఆమె నెత్తుటిలో ఉంటుంది. సహచరులు శోకిస్తుంటే అతనికి మాత్రం ఆమె సజీవంగా కనిపిస్తుంది.

మూలంలోనూ క్లౌడ్ మిత్రుడు జాక్ గతాన్ని తనదిగా భ్రమించినవాడే. కనుక ఈ చిత్రణలో పాత్రౌచిత్యం ఉంది. అయితే ఏది నిజమన్న ప్రశ్న ఆటగాడిని ప్రహేళిక వైపు లాగుతుంది. స్థాయీభావమైన శోకం రసంగా పరిణమించకముందే విస్మయం దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది.

4. ముగింపు:
కథ ముందే తెలియడం రసాస్వాదనకు అడ్డంకి కాదు. అభిమన్యుని మరణం తెలిసినవారే పద్మవ్యూహ ఘట్టం వినడానికి కూర్చుంటారు. 1997 నాటి కృతి తీరని నష్టాన్ని అనుభవానికి తెచ్చింది. పునఃకథనం ఆ నష్టాన్ని అంగీకరించలేని మనసును చిత్రించింది. ఇది సాహసమే. కానీ అంగీకరించని శోకం కరుణరసంగా పండదు. మూడు భాగాలుగా సంకల్పించిన ఈ పునఃకథనం చివరి భాగంలోనైనా క్లౌడ్ చేత ఆ మరణాన్ని ఒప్పించగలిగితేనే, పాత కథను మళ్లీ చెప్పినందుకు సార్థకత చేకూరుతుంది.