ఘాజీ: సినిమా తేల్చేసింది, సముద్రం తేల్చలేదు

శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కితే గంటలో వైజాగ్. వీకెండ్‌కి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆర్.కె. బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూడకుండా రారు. 1971 యుద్ధంలో పనిచేసి, 2002లో మ్యూజియమైన ఆ నౌకలో ఒంగి నడుస్తుంటే సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ (2017) గుర్తొస్తుంది. సినిమా అసలు బలం కూడా ఆ ఇరుకే. డ్యూయెట్లు లేవు, ఇనుప గోడలూ చెమటా సోనార్ చప్పుడూ తప్ప. ఆర్డర్ రాకపోయినా కొట్టేద్దామనే కెప్టెన్ రణ్‌విజయ్‌కీ, వద్దనే అర్జున్‌కీ మధ్య నడిచే వాదన మన యుద్ధ సినిమాల్లో అరుదు.

కెప్టెన్ చనిపోగానే ఆ వాదనా చచ్చిపోతుంది. ఇక మిగిలేది వేట. అవతలి కెప్టెన్ రజాక్ జనగణమన వింటే ఊగిపోయే విలన్, అంతే.

నిజంగా ఏం జరిగింది? విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ 1971 డిసెంబర్ 3-4 రాత్రి విశాఖ దగ్గర మునిగింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నేవీ అంటుంది, ప్రమాదవశాత్తూ జరిగిన పేలుడని పాకిస్తాన్ అంటుంది. చెప్పడానికి లోపలివాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. సినిమా మూడో కథ చెప్పింది: ఎస్21తో ముఖాముఖి పోరు. కల్పించుకునే హక్కు దానికుంది, పేచీ అక్కడ కాదు. 93 మంది మునిగిపోయాక కెమెరా దగ్గర ఒక్క నిమిషం మౌనం కూడా లేదే, అదీ పేచీ.

ఆ మౌనం నేవీ పాటించింది. 2024లో రెస్క్యూ వాహనం ఘాజీ శిథిలాన్ని గుర్తించినా, నావికుల సమాధిగా భావించి దాన్ని కదపలేదు. విశాఖ తీరంలోనే 1944 ఫిబ్రవరిలో మునిగిన జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110 కూడా ఉంది. అంటే రెండు యుద్ధాలు, రెండు సమాధులు.

ఇలాంటి శిథిలాలను హెరిటేజ్ ట్రైల్‌గా చూపించే చోట్లు లేకపోలేదు. స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లోలో మునిగిన జర్మన్ నౌకల దగ్గరికి డైవర్లు వెళ్తారు. అదే నీళ్ళలో 800 మందికి పైగా చనిపోయిన రాయల్ ఓక్ దగ్గరికి మాత్రం ఊరికే వెళ్ళనివ్వరు. చూడనివ్వకపోవడం కూడా వారసత్వాన్ని కాపాడే పద్ధతే.

మన బీచ్‌లో విజయ స్తూపం ఉంది, కుర్సురా ఉంది. ఎదురుగా నీళ్ళ కింద ఎవరున్నారో చెప్పే ఒక్క పలక కూడా పెట్టగలిగితే, జాతీయ అవార్డు తెచ్చుకున్న సినిమా వదిలేసిన ఆఖరి సీన్ పూర్తవుతుంది. శత్రువు చావుని చావుగా చూడ్డానికి దేశభక్తి అడ్డం రాదు.